నడుమ దూరిన నీరు

మా మొదటి రోగి క్లైవ్ మండీకి మందు ఎక్కించి పదకొండు రోజులైంది. ఆ ఉదయమే, ఆ మందు డీఎన్‌ఏను ఎలా పట్టుకుంటుందో చూపే స్ఫటికం చిత్రం నా తెర మీదికి వచ్చింది.

ఆ మందు మా మెల్‌బోర్న్ ల్యాబ్‌లో మేం రూపొందించిన ప్రోటీన్. దాన్ని తయారుచేసే సూచనలు ఒకసారి లోపలికి వెళ్తే చాలు, కాలేయం దాన్ని ఆగకుండా తయారుచేస్తూనే ఉంటుంది. జబ్బు తెచ్చే జన్యువును అది పట్టుకుని మూసేయాలి. ఆ జన్యువు దగ్గరి డీఎన్‌ఏ వరుసలో ఏడో అక్షరం జి. దాన్ని గుర్తుపట్టేందుకు ప్రోటీన్‌కు ఆర్జినిన్ అనే చెయ్యి పెట్టాం. అది రెండు హైడ్రోజన్ బంధాలతో జి ని పట్టుకుంటుంది. డీఎన్‌ఏలోని మరో అక్షరం ఎ దగ్గర ఆ రెండూ కుదరవు. మా ధీమా అంతా అదే.

చిత్రంలో ఆ చెయ్యి పక్కకు ఒరిగిపోయింది. దానికీ అక్షరానికీ నడుమ ఒక నీటి అణువు దూరింది. నీరు హైడ్రోజన్‌ను ఇవ్వనూ గలదు, పుచ్చుకోనూ గలదు. జి అయినా ఎ అయినా దానికి ఒకటే.

ఏడో చోట ఎ ఉన్న అదే వరుస కోసం మనిషి డీఎన్‌ఏ అంతా వెతికాను. ఒక్కచోటే దొరికింది: కాలేయ కణాలు అదుపు తప్పి పెరగకుండా ఆపే జన్యువు మొదట్లో.

మా మందు దాన్నీ మూసేస్తే కాలేయానికి క్యాన్సరే.

మా ల్యాబ్ పెద్ద గ్రేమ్ మాంసం కూరిన రొట్టె తింటూ తెరకేసి చూశాడు.

"అది గడ్డకట్టించిన స్ఫటికం, ఇయోనా. ఒంట్లో అలా ఉండదులే."

"ఉంటే?"

"సోమవారం ఇంకో ఇద్దరికి ఎక్కించాలి. ఒక్క నీటిబొట్టు చూసి ఆపమంటావా? నవ్విపోతారు."

"నవ్వనీండి. నేను పరీక్ష చేస్తున్నా."

రెండు రోజులు పట్టింది. మా ప్రోటీన్ జి నే కాదు, ఎ ని కూడా దాదాపు అంతే గట్టిగా పట్టుకుంది. గ్రేమ్ ఆ అంకెలను మరోసారి లెక్కేసి చూశాడు. ఆసుపత్రికి ఫోన్ తనే చేశాడు. సోమవారం వచ్చిన ఇద్దరినీ వెనక్కి పంపేశారు.

క్లైవ్‌కు చెప్పడానికి ఇద్దరం వెళ్లాం. అతను ట్రామ్ నడిపి రిటైరైన మనిషి.

"అయితే దాన్ని బయటికి తీయలేరన్నమాట."

"లేం," అన్నాను.

"మరేం చేస్తారు?"

"మూడు నెలలకోసారి స్కాన్ తీస్తాం."

"మా ఆవిడ కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదమ్మా," అని నవ్వాడు. మేం నవ్వలేకపోయాం.

రెండు స్కాన్లలో ఏమీ కనిపించలేదు. మూడోసారి కాలేయం కుడివైపు కందిగింజంత మచ్చ కనిపించింది. డాక్టరు చెప్తానన్నా, వద్దని నేనే లోపలికి వెళ్లాను. క్లైవ్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నా మొహం చూసి చెయ్యి ఆపేశాడు.

"గడ్డ ఎంతుంది?" అన్నాడు.