విమానం వెనక సీటు, అయ్యన్న మీసం

అయ్యన్నకు జొన్నగిరి చేలల్లో బంగారం దొరికిందనీ, దాన్ని కాపాడుకోవడానికి కొట్టంలో మరతుపాకి తయారుచేసుకుంటున్నాడనీ ఎదురింటి సంతోషి పిండిమిషను దగ్గర చెప్పిందట. ఆ మాట ఎమ్మిగనూరు సగం తిరిగి తిరిగి, సాయంత్రానికి అయ్యన్న పెండ్లాం ఈరమ్మ చెవిన పడింది. ఈరమ్మ ఇంటికొచ్చి మొగుణ్ణి ఎగాదిగా చూసి, తుపాకి సంగతి సరే, బంగారం యాడ దాచినావని అడిగింది.

తుపాకి మాటలో కొంత నిజం లేకపోలేదు. కొట్టంలో తుమ్మకొయ్యను చిత్రిక పట్టి తీసిన మూడడుగుల గొట్టం ఒకటి, సైకిళ్ళకు కొట్టే నల్లరంగు పూసుకుని ఆరుతూ ఉంది. అది పేలేది కాదు. ఆదోనిలో ఒక కాలేజీ ఆవరణలో నలభై ఏళ్ళుగా నిలబడి ఉన్న పాత విమానానికి పెట్టేది.

ఎప్పుడో పెద్ద యుద్ధం రోజుల్లో సిపాయిలకు పాఠాలు చెప్పిన విమానం అది. ముందు పైలట్ కూర్చుంటాడు. వెనక, తోకవైపు మొహం పెట్టి, తుపాకివాడు కూర్చుంటాడు. ముందు భాగాన్ని బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు బాగుచేసి పోయారు. వెనక మాత్రం సీటూ లేదు, సీటునూ తుపాకినీ కలిపి తిప్పే ఇనుప చట్రమూ లేదు. ఎవరు ఎప్పుడు విప్పుకుపోయారో గానీ, మిగిలిన గుంతలో పావురాలు తరాల తరబడి కాపురాలు చేస్తున్నాయి. ఆ గుంత సరిచేస్తే విమానం ఆదోనిలోనే ఉంటుంది, లేకుంటే పెద్ద ఊరి మ్యూజియానికి తరలిస్తామని వాయుసేన నుంచి ఉత్తరం వచ్చింది. చూసి తేల్చడానికి ఫలానా ఆదివారం రిటైరైన వింగ్ కమాండర్ ఒకాయన వస్తాడని కూడా అందులోనే ఉంది.

ఆ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన వెంకోబారావు ఈ పని నెత్తికెత్తుకున్నాడు. అలాంటి విమానంలో తుపాకివాడు కూర్చుని ఉన్న మసక ఫోటో ఒకటి చేతిలో పట్టుకుని ఆదోనిలో ఉన్న వెల్డింగు షాపులన్నీ తిరిగాడు. గేటయితే చేస్తాం, గ్రిల్లయితే చేస్తాం అన్నారే గానీ ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఎవరో చెబితే ఎమ్మిగనూరు బస్సెక్కి అయ్యన్న కొట్టానికి వచ్చాడు.

అయ్యన్నది బండ్లు చేసే ఇల్లు. బండ్ల కాలం పోయాక ఆదోని జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరాడు. మిల్లు మూసేశాక ఆరేళ్ళుగా ఫ్యాన్లూ మంచం కోళ్ళూ బాగుచేస్తూ, తన చేతుల్ని తనే అప్పుడప్పుడు తిప్పి చూసుకుంటున్నాడు.

ఫోటోలో మనిషి వెనక్కి తిరిగి ఎందుకు కూర్చున్నాడో చెప్పబోయాడు వెంకోబారావు. అయ్యన్న ఫోటో చూసి పకపకా నవ్వాడు. చిన్నప్పుడు పత్తి బండ్లు ఆదోని మార్కెట్టుకు పోతుంటే, వాళ్ళ నాయన అతన్ని లోడు చివర వెనక్కి తిప్పి కూర్చోబెట్టి చేతికి చువ్వకట్టె ఇచ్చేవాడు. మిట్ట దగ్గర బండి నెమ్మదించగానే వెనక నడిచొచ్చేవాళ్ళు గుప్పెళ్ళకొద్దీ పత్తి పీక్కునేవాళ్ళు మరి.

"ముందు కూచున్నోనికి ఎద్దులు కనపడతాయి సామీ. దొంగ కనపడడు. ఈ సీటు నాకు కొత్త కాదు" అన్నాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. సామాన్ల కోసం ఆదోని పోయినప్పుడు బేరింగుల షాపు మద్దిలేటి, బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే చేతికి విమానం ఏం లొంగుతుందన్నా అని ఎకసెక్కం ఆడాడు. పదిమంది విన్నారు. అయ్యన్నకు రోషం పొడుచుకొచ్చింది.

"మనిషి కూచోనుంటే మూడేండ్ల బిడ్డ చిటికెనేలితో తోసినా ఆ సీటు తిరగల్ల. తిరక్కపోతే మీసం తీసేస్తా, పో."

ఇరవై రెండో ఏట పెంచిన మీసం అది. మిల్లు పోయింది, పళ్ళు సగం పోయాయి. ఇన్నేళ్ళుగా అయ్యన్న దగ్గర నిలబడి ఉన్నది అదొక్కటే.

ఇరవై రోజులు కొట్టంలో సమ్మెట చప్పుడు ఆగలేదు. రెండు ఇనుప చక్రాలు చేశాడు. కిందిది విమానం ఒంటికి బిగించేది, పైది దానిమీద కూర్చుని తిరిగేది. పై చక్రం నుంచి నాలుగు కడ్డీలు సీటుకు దిగుతాయి. సీటు కింద ఒక ఇరుసు, ఆ ఇరుసు నిలబడే గిన్నె. సీటుకు ఊళ్ళో నేసిన గట్టి నవారు అల్లాడు. అన్నీ బస్సు మీదికి ఎక్కిస్తుంటే, ఏ ఊరి బావికి ఒరలు తీసుకుపోతున్నావని కండక్టరు అడిగాడు. విమానానికి అని అయ్యన్న గొప్పగా చెప్పాడు. కండక్టరు నవ్వను కూడా నవ్వకుండా లగేజీ టికెట్టు కొట్టాడు.

శనివారం మిట్టమధ్యాహ్నానికి, పై చక్రం మీద కొయ్య తుపాకితో సహా బిగింపు పూర్తయింది. అయ్యన్న సీట్లో కూర్చున్నాడు. వెంకోబారావు చిటికెన వేలితో తోశాడు. తర్వాత అరచేత్తో తోశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి రెండు చేతులా తోశాడు. విమానం ఊగింది, పావురాలు లేచిపోయాయి. సీటు మాత్రం కదల్లేదు. చూడటానికొచ్చిన మద్దిలేటి జేబులోంచి కొత్త బ్లేడు ప్యాకెట్టు తీసి రెక్క మీద పెట్టి, షాపు తెరవాలని వెళ్ళిపోయాడు.

తప్పు ఎక్కడుందో అయ్యన్నకు అప్పటికే తెలిసిపోయింది. బండి చక్రానికి ఎర్రగా కాల్చిన పట్టా ఎక్కిస్తే, కొయ్యకూ ఇనుముకూ నడుమ వెంట్రుక దూరకూడదు. దూరిందంటే ఆ పనివాడికి ఇంకో ఊళ్ళో పని పుట్టదు. పుట్టినప్పటి నుంచీ చేతికి అదే నేర్పు. ఈ చక్రాలను కూడా అలాగే, వెంట్రుక దూరకుండా కూర్చోబెట్టాడు. పైచక్రం బరువంతా కింది చక్రాన్ని కరుచుకుని కూర్చుంది. ఆకురాయితో అరగదీయాలంటే అన్నీ విప్పాలి, రెండు రోజులు కావాలి. ఉన్నది ఒక్క పూట. కందెన పోశాడు. పోసిందంతా కారిపోయింది గానీ సీటు జరగలేదు. అయ్యన్న రెక్క నీడన కూలబడి పైపెదవి తడుముకున్నాడు.

అప్పుడే ఈరమ్మ రొట్టెల మూట పట్టుకుని బస్సు దిగి వచ్చింది. మొగుడి మొహం చూసింది, బ్లేడు ప్యాకెట్టు చూసింది, నిచ్చెనెక్కి గుంతలోకి తొంగి చూసింది. దిగి వచ్చి, ఇసుర్రాయికి పేలిక పెట్టినట్టు దీనికి పెట్టలేదా అని అడిగింది.

"ఇమానానికీ ఇసుర్రాయికీ పొత్తేందే? రొట్టె పెట్టి ఇంటికి పో" అన్నాడు అయ్యన్న.

ఈరమ్మ పోలేదు. వెంకోబారావుకు చెప్పుకొచ్చింది. కందులు పగలేసేటప్పుడు పైరాయి కిందిరాయి మీద పూర్తిగా కూర్చుంటే పప్పుబేడలు పిండవుతాయి, చేతులు పడిపోతాయి. అందుకని నడిమి మేకుకు గుడ్డపేలిక పెడతారు. పైరాయి గింజంత పైకి లేస్తుంది. అప్పుడు ఒంటిచేత్తో తిప్పుతూ పాట కూడా పాడుకోవచ్చు. వింటూ వింటూ వెంకోబారావు కళ్ళద్దాలు తీసేశాడు. ముప్పై ఏళ్ళు రాపిడి మీద పాఠం చెప్పాననీ, ఒక్కనాడూ ఇసుర్రాయి ముందు కూర్చోలేదనీ తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు.

ఈరమ్మ చీర కొంగు చివర జానెడు చింపి, ఆముదంలో ముంచి, నాలుగు మడతలు పెట్టింది. అయ్యన్న గొణుక్కుంటూనే గడ్డపలుగుతో ఇరుసు లేపాడు. ఆమె చేయి దూర్చి మడతను గిన్నెలో పరిచింది. ఇరుసు దించారు. రెండు చక్రాల నడుమ సన్నగా, దారమంత వెలుతురు కనబడింది. వెంకోబారావు వేలు తగిలించాడో లేదో, సీటు ఒక చుట్టు తిరిగి, ఇంకో సగం చుట్టు కూడా తనంతట తనే తిరిగింది.

అయ్యన్న ఇంకోసారి తనే తిప్పి చూశాడు. తర్వాత రొట్టె అడిగి తీసుకుని, నోటి నిండా పెట్టుకుని, ఈ పేలిక సంగతి మద్దిలేటి దాకా పోనీయొద్దని మెల్లగా అన్నాడు. ఈరమ్మ ఇంకో రొట్టె వేసింది.

ఆదివారం పొద్దున కాలేజీ ఆవరణ తిరునాళ్ళలా ఉంది. తుపాకి చూద్దామని సంతోషి కూడా ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. వింగ్ కమాండర్ తెలుగువాడే, నవ్వుమొహం మనిషి. వెంకోబారావు తన మూడేళ్ళ మనవరాలు శ్రీరక్షను ఎత్తుకుని నిచ్చెన మీద నిలబడ్డాడు. ఉత్త సీటు తిరిగితే చెల్లదనీ, మనిషి కూర్చోవాలన్నాడు కదా అనీ మద్దిలేటి అడ్డం పడ్డాడు. ఎవరు కూర్చోవాలో కూడా తనే చెప్పాడు.

"ఈరమ్మక్క కూచుంటే ఒప్పుకుంటా. ఆమెంత బరువన్నా ఉండల్ల."

ఈరమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నిచ్చెనెక్కి, తోకవైపు మొహం పెట్టి దర్జాగా కూర్చుంది. శ్రీరక్ష చిటికెన వేలు ఆనించింది. సీటు కదిలింది. ఈరమ్మ ముందు వేపచెట్టు దాటింది, కాలేజీ గోడ దాటింది, అవతల ఆదోని కొండ కూడా నింపాదిగా దాటిపోయింది. నల్లగొట్టం తిరిగి తిరిగి సంతోషి మొహానికి ఎదురుగా వచ్చేసరికి సంతోషి కెవ్వుమని కింద కూర్చుంది. జనం విరగబడి నవ్వారు. పాప ఇంకోసారి, ఇంకోసారి అంటూ తోస్తూనే ఉంది. ఈరమ్మ నవ్వు ఆపుకోలేక కొయ్య తుపాకిని కావలించుకుంది. మద్దిలేటి బ్లేడు ప్యాకెట్టును చడీచప్పుడు లేకుండా జేబులో వేసుకున్నాడు.

విమానం ఎక్కడికీ పోదని వింగ్ కమాండర్ అందరికీ వినబడేలా చెప్పాడు. ఈలలు సద్దుమణిగాక అయ్యన్న భుజం మీద చెయ్యి వేసి, ఇంత తేలిగ్గా తిరిగే చట్రం తన సర్వీసులోనే చూడలేదనీ, ఆ కిటుకేమిటో చెప్పమనీ అడిగాడు.

అయ్యన్న మద్దిలేటి వైపు ఒకసారి చూసి, మీసం రెండు వైపులా దువ్వాడు.

"కిటుకేమీ లేదు సార్. తాతల కాలం నుంచి ఇనుము మా సెయ్యి మాట ఇంటాది."

పైన ఈరమ్మ కూర్చున్న సీటు అప్పుడే ఇటువైపు తిరిగింది.

"ఇనుము యాడ ఇనింది సార్? కింద నా సీర పేలిక పెట్టినాకనే ఇనింది."