కిటికీలు మూసిన ఇల్లు

మా ఆయన బయ్యూమిది రొట్టెల బట్టీలో పని. రాత్రంతా నిప్పు ముందు నిలబడి, పొద్దున్నే ఇంటికొచ్చి పడుకోవాలి. పడుకోనిస్తే కదా! మా కిటికీలోంచి చెయ్యి చాపితే అందేటట్టు ఉంటుంది ఫ్లైఓవర్. మా షుబ్రా పేటలో బండి నడిపేవాడికి బ్రేకు లేకపోయినా గడుస్తుంది గానీ, హారన్ లేకపోతే కాళ్లూ చేతులూ ఆడవు. పోయిన వారం నిద్రమత్తులో బయ్యూమి బట్టీలోకి చెయ్యి పెట్టేశాడు. మోచేతి దాకా కాలింది. ఈసారి చెయ్యి, రేపు ఏమిటి? ఆ భయం నన్ను తినేస్తోంది.

కట్టు కట్టిన చేత్తోనే కిటికీల మీద పడ్డాడు. చట్రాలకు రబ్బరు పట్టీలు అంటించాడు. గోడకూ చట్రానికీ మధ్య ఖాళీల్లో సిలికాన్ జిగురు నింపాడు. పాత అద్దానికి తోడు ఇంకో అద్దం బిగించాడు. ఇక చూడండి, బస్సులన్నీ మూగవైపోయాయి. నేను సంతోషించాల్సిందే. కానీ ఆ నిశ్శబ్దం నాకు పడలేదు. గ్యాస్ బండవాడు సిలిండర్ మీద టంగు టంగున కొట్టుకుంటూ వెళ్లిపోయినా తెలియలేదు.

బయ్యూమికి అదీ చాలలేదు. "ఇంకా ఎక్కణ్ణించో గుయ్యిమంటోందే," అని చెవులు రిక్కించాడు.

అది స్నానాలగది చిన్న కిటికీ. రెండు ఇళ్ల మధ్య గాలికోసం వదిలిన సందులోకి ఉంటుంది. దాన్ని మేమెప్పుడూ మూయం. పై అంతస్తు ఉమ్ వదీ అక్కా నేనూ కబుర్లాడుకునేది అందులోంచే. దానికీ చెక్క కొట్టి, స్పాంజి కుక్కి, చుట్టూ జిగురు పూశాడు.

"అదెందుకయ్యా మూయడం? అక్క పిలిస్తే వినపడొద్దూ?"

"అందుకే మూశా. ఆ హారన్లే నయం, ఆవిడ గొంతు ముందు!"

నేనూ నవ్వాను. ఆ గోడకే గ్యాస్ గీజరు ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున మా అమ్మాయి సమాహిర్ బడికి వెళ్లాక, కట్టు చేత్తోనే బట్టీకి వెళ్లొచ్చిన బయ్యూమి ఒంటి మీది పిండి కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్లాడు. నేను చిక్కుడు గింజలు మెదుపుతున్నాను. ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే ఉమ్ వదీ అక్క, రొప్పుతూ నిలబడి ఉంది.

"ఏమే ఇన్‌షిరాహ్, చెవుడొచ్చిందా? పైనుంచి గొంతు చించుకుంటున్నా! ఆ కిటికీ మూసేశారేంటే?"

"ఆయన నిద్రకోసం అక్కా."

"గీజరు వెలుగుతుండగా? ఆ విషపు గాలి ఎటు పోతుందే? లోపల ఎవరన్నా ఉన్నారా?"

పరుగెత్తి తలుపు కొట్టాను.

"సమాహిర్ నాన్నా! పలకవేం? ఓయ్!"

లోపల నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇద్దరం భుజాలతో గుద్దితే గడియ ఊడింది. గోడవారన కుప్పకూలి ఉన్నాడు. అక్క గీజరు ఆర్పింది. తడి ఒంటిమీద తువ్వాలు పడేసి, చెరో రెక్కా పట్టి ముందుగదిలోకి ఈడ్చాం. కిటికీ లాగితే రాలేదు. ఎంత చక్కగా అంటించాడో మహానుభావుడు! వంటింట్లోంచి ఇత్తడి రోకలి తెచ్చి కొట్టాను. ఒక అద్దం పగిలింది. వెనకాల ఇంకోటి. తిట్టుకుంటూ, ఏడుస్తూ దాన్నీ పగలగొట్టాను.

చలిగాలీ, ఫ్లైఓవర్ రొదా ఒక్కసారే ఇంట్లోకొచ్చి పడ్డాయి.

అక్క అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. నేను ఆయన తల ఒళ్లో పెట్టుకుని చెంపలు తడుతున్నాను. "లేవయ్యా, నీకు దణ్ణం పెడతా, లే!" చలనం లేదు. ఆయన లేకుండా నేనెలా బతకను?

కిటికీ పక్కనే ఒక మైక్రోబస్సు ఆగి, తెరిపి లేకుండా హారన్ మోగించింది.

బయ్యూమి కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు కదిలాయి.

"వీడి దుంపతెగ... పడుకోనివ్వడే..."

"కొట్టు నాయనా!" పగిలిన కిటికీలోంచి ఆ డ్రైవర్‌కి వినపడేలా అరిచాను. "ఆపకు, ఇంకా గట్టిగా కొట్టు!"