మూడక్షరాలు, ఐదు మాటలు

చేతులకు గుడ్డపట్టీ చుట్టుకుంటూ పెదవుల మధ్యే గొణుక్కుంటున్నాడు గోడ. "రెడ్, బ్రెడ్, థ్రెడ్, డ్రెస్..." అవి నిన్నటి మాటలు. ఆర్, ఇ, డి. నిన్నటివి ఇంకా తలలో ఉన్నాయో లేదో పొద్దున్నే ఒకసారి తడిమి చూసుకోవడం అతనికి అలవాటైపోయింది.

అతని అసలు పేరు ఆ జిమ్ములో ఎవరికీ తెలియదు. పోటీలకు తయారయ్యే బాక్సర్ల ఎదుట నిలబడి దెబ్బలు తినడం అతని ఉద్యోగం. ఎంత కొట్టినా పడడు గనక గోడ అన్నారు. ముక్కు రెండు చోట్ల విరిగి ఎలా కుదిరితే అలా అతుక్కుంది. ఎడమ చెవి నలిపి పారేసిన కాగితపు ఉండలా ఉంటుంది. కనుబొమల మీద వెంట్రుకలు మొలవని తెల్లటి గీతలు. నవ్వితే మాత్రం పసిపిల్లాడిలా ఉంటాడు. ముందు పళ్ళు లేకపోవడం అందుకు కొంత సాయం.

అతని భార్య చిన్నపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరు. కిందటేడు ఒక దెబ్బకు సొమ్మసిల్లి లేచిన గోడ, ఇంటికి వెళ్ళి ఆమె పేరు కోసం తడుముకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఏవేవో పరీక్షలు చేస్తూ మూడు ఇంగ్లీషు అక్షరాలు చెప్పి, ఆ మూడూ ఉన్న మాటలు చెప్పమన్నాడు. డాక్టరు ఆ ఒక్కరోజే అడిగాడు. ఆమె ఆనాటి నుంచీ రోజూ అడుగుతూనే ఉంది. సాయంత్రం ఇల్లు చేరగానే మూడక్షరాలు, ఐదు మాటలు. అక్షరాలు ఏ వరసలో ఉన్నా ఫర్వాలేదు. ఏ రోజు ఐదు రాకపోతే ఆ రోజుతో గ్లౌజులు అటకెక్కించి, ఆమె బడిలో ఖాళీగా ఉన్న వాచ్‌మన్ కుర్చీలో కూర్చోవాలి. అదీ ఒప్పందం.

చదువు మధ్యలో మానేసినవాడికి అది దెబ్బలు తినడం కంటే కష్టం. అందుకే బస్సులో వస్తూ పోతూ దుకాణాల బోర్డులన్నీ కళ్ళతో మింగేసేవాడు. ఒకసారి ఆమె ఓ, పి, ఎస్ అడిగితే సోప్, షాప్, స్టాప్, పోస్ట్ చెప్పి, ఐదోది తట్టక "పోలీస్" అన్నాడు.

"పోలీస్‌లో ఎస్ ఎక్కడుంది? సి ఉంటుంది."

"స్టేషన్ కూడా కలుపుకో. అందులో ఉందిగా."

ఆమె నవ్వాపుకోలేక ఆ రోజుకు వదిలేసింది.

కోచ్ రింగు పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఒరే గోడా, కుర్రాడి పోటీ దగ్గరికొచ్చేసింది. ఇవాళ కాస్త గట్టిగా ఉంటుంది."

"మెత్తగా ఎప్పుడుంది సార్?"

"ఆ హెల్మెట్ తీసెయ్. అవతలివాడు రేపు పెట్టుకోడు కదా. వీడికి అలవాటవ్వాలి."

గోడ తీసి పక్కన పెట్టాడు.

కుర్రాడి చేతులు పొడుగు, ఓపిక తక్కువ. మొదట్లో దెబ్బ బలంగా తగిలినప్పుడల్లా "సారీ అన్నా" అంటున్నాడు. పక్కటెముకల మీద, కడుపులో, దవడ మీద పడుతున్నాయి. గోడ మోచేతులు దగ్గరకు తెచ్చుకుని తింటున్నాడు. మూడో రౌండులో కుర్రాడు మొహానికి అడ్డం పెట్టుకున్న చెయ్యి కిందికి జారింది. ఆ సందు కనిపించగానే గోడ చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. కుర్రాడి పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. చూస్తున్నవాళ్ళు పకపకా నవ్వారు.

ఆ తర్వాత సారీ లేదు. కుర్రాడు గోడను మూలకు తోసి, తాళ్ళకు అదిమి, ఎడాపెడా బాదాడు. ముక్కు మళ్ళీ పగిలింది. నోట్లో ఉప్పగా రక్తం నిండింది. గంట మోగింది. కుర్రాడు ఆగలేదు. గోడ గంట విని చేతులు దించేశాడు. సరిగ్గా అప్పుడు కుడి కణత మీద పడింది, తలుపుకు సమ్మెట తగిలినట్టు. రెండోది కూడా అక్కడే. మోకాళ్ళు విరిగినట్టయి గోడ తాళ్ళ మీద వేలాడాడు. కోచ్ లోపలికి దూకి కుర్రాడి మెడ పట్టి లాగాడు.

"చాల్రా, చస్తాడు."

తర్వాత గోడ మొహం ముందు వేళ్ళు పెట్టాడు. "ఎన్ని?"

"మీవా, నావా?" అన్నాడు గోడ. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

కుర్రాడు నీళ్ళు తెచ్చి ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "ఏమనుకోకన్నా. నువ్వు కొట్టేసరికి నాకు కళ్ళు కనబడలేదు."

"కొట్టడం నా పని కాదుగా. తప్పు నాదే," అని గోడ నీళ్ళు పుక్కిలించి ఎర్రగా ఉమ్మాడు.

ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడేసరికి తల లోపల ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది. అయినా బస్సులో బోర్డులన్నీ అక్షరం పొల్లుపోకుండా చదవగలిగాడు. అదొక ధైర్యం. వంగి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆమె వచ్చి అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఏం మొహమండీ ఇది. ఆసుపత్రికి పోదాం పదండి."

"ముందు అక్షరాలు చెప్పు. రాకపోతే పోదాం."

ఇతను ఒక్కరోజైనా ఓడిపోతే బాగుండునని ఆమె రోజూ అనుకునేది. అందుకే కావాలని కష్టమైనవి ఏరింది. "ఎల్, ఎఫ్, టి."

"లెఫ్ట్," అన్నాడు వెంటనే. "లిఫ్ట్. ఫ్లాట్." మళ్ళీ వంగి రెండో బూటు లేసు లాగాడు. "ఫిల్టర్."

ఆమె అతని నోటి వంకే చూస్తూ, వేళ్ళు మడుస్తూ స్పెల్లింగులు సరిచూసుకుంటోంది. వంగిన తల ఎత్తకుండానే అతను నెమ్మదిగా అన్నాడు. "లైఫ్‌బోట్."

"అంత పెద్ద మాట ఎక్కడ దొరికింది మీకు?"

"బస్సులో ఒక పాప సంచీ మీద. కింద బొమ్మ కూడా ఉంది." పళ్ళు లేని నవ్వు నవ్వాడు. "కాసేపు కళ్ళు మూసుకుంటానోయ్."

మాట ఎక్కడా తడబడలేదు. ఆమె మనసు కుదుటపడింది. కాపడానికి నీళ్ళు కాచుతుంటే గురక వినిపించింది. ఎప్పుడూ లేనంత గట్టి గురక. పాపం, అలసిపోయాడనుకుంది. నీళ్ళు మసిలేలోగా అది ఆగిపోయింది.

గిన్నె పట్టుకుని వచ్చేసరికి అతని తల భుజం మీదికి వాలి ఉంది. పిలిచింది. కుదిపింది. కాలికి మిగిలిన బూటును మడమ పట్టి లాగేసి అరికాళ్ళు రుద్దింది. పక్కింటివాళ్ళు వచ్చి మోసుకుపోయారు.

ఆసుపత్రిలో డాక్టరు, ప్రాణం అప్పటికే పోయిందని, కుడి కణత లోపల రక్తం కమ్మిందని చెప్పి అడిగాడు. "ఎడమ చెయ్యి పట్టు తప్పినట్టు ఏమైనా గమనించారా?"

"లేదండీ," అందామె. "మాటలన్నీ సరిగ్గానే చెప్పారు."

ఆమె ఇల్లు చేరేసరికి తలుపు బార్లా తీసే ఉంది. కుర్చీ కాళ్ళ దగ్గర ఒక బూటు లేసు విప్పి, నాలుక బయటకు తీసి, పద్ధతిగా ఉంది. రెండోది పక్కకు ఒరిగి పడి ఉంది. విప్పబోయిన కొద్దీ బిగుసుకుపోయిన ఉండంత ముడి దాని మీద అలాగే ఉంది.