నల్లరేవు గండి

గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేస్తున్నప్పుడు కిష్టమ్మ మగ్గం గుంటలో దిగి బురద ఎత్తిపోస్తోంది. వరద తీసింది కానీ గోడలింకా తడారలేదు. కుంచె పట్టినవాడి వెనక తాసీల్దారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నేతవీధి నదికి మరీ దగ్గరగా ఉందనీ, ప్రమాదమనీ, అందరూ ఇళ్లు ఖాళీ చేసి హైవే పక్కన బండగుట్ట మీదికి పోవాలనీ చెప్పాడు.

"సారూ, బండల మగ్గం గుంట ఎట్ల తవ్వాల?" అని అడిగింది కిష్టమ్మ.

"ప్రాణం ముఖ్యమా, గుంట ముఖ్యమా?" అంటూ ఆయన పక్కింటి గోడ దగ్గరికి నడిచాడు.

గుంటలో కాళ్లు పెట్టి తొక్కితేనే ఆ వీధిలో మగ్గం ఆడేది, మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగేది. రెండూ వేర్వేరని చదువుకున్నవాళ్లే అనుకోవాలి. వీధికన్నా పల్లంలో, నీళ్లను ఆనుకుని కాంట్రాక్టరు ఇసుక డంపు ఉంది. దాని మీద ఒక్క ఎర్ర గుర్తూ పడలేదు. సర్కారు లెక్కలో నది కూడా మనిషిని చూసి ముంచుతుంది కాబోలు.

నల్లరేవు పుట్టిందే రేవు వల్ల. గద్వాల సంస్థానం నాడు కృష్ణ మీద జనాన్ని దాటించే గుండ్రటి పడవలు, పుట్లు తిరిగేవి. పుట్లు నడిపే సాయిబుల ఇళ్లు పైన, నేసేవాళ్ల వీధి వాటి కింద, ఆ కింద రేవు మెట్లు. సంస్థానం పోయింది. బీచుపల్లి దగ్గర వంతెన పడ్డాక పుట్లను ఒడ్డున బోర్లించారు. ఎగువన డ్యాం లేచాక చేపలూ తగ్గాయి. అభివృద్ధి అనేది ఈ ఊరికి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకునే పోయింది. చివరికి మిగిలినవి మగ్గమూ, ఊరి పక్కగా పారి కృష్ణలో కలిసే ఒక వాగూ. ఆ వాగుకు అడ్డంగా కాంట్రాక్టరు లారీల కోసం కట్ట పోశాడు. కర్నూలునే ముంచిన ఆ రెండువేల తొమ్మిది వరదలో కూడా కృష్ణ పై మెట్టు దగ్గరే ఆగింది. ఈసారి వీధిని ముంచింది వాగు. పోయే దారి లేక ఇళ్లలోకి తిరిగింది. పాపం ఒకడిది, శిక్ష ఇంకొకరికి.

ఈ మాట జిల్లా నుంచి వచ్చే పెద్ద అధికారికి చెప్పాలని అందరూ అనుకున్నారు. చెప్పే పని కిష్టమ్మకు అప్పగించారు. ఆమె ధైర్యస్తురాలే. కానీ నేతవీధికి ఒక మర్యాద ఉంది. గడప తొక్కిన పెద్దమనిషి భుజం మీద కొత్త బట్ట పడాలి, ఆ తర్వాతే మాట. ఆమె అటక మీద వరదకు అందకుండా దాచిన జరీ కండువాలు తెచ్చి అధికారికి కప్పింది. పక్కనే కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు. ఒకరికి కప్పి ఒకరిని వదిలితే బాగుండదని వాడికీ కప్పింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆమె వాగు మాట ఎత్తేలోపు అధికారి కారెక్కాడు.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఇళ్లు ఖాళీ చేయడానికి నేతన్నలు సంతోషంగా ఒప్పుకున్నారనీ, అధికారులను సన్మానించారనీ రాశారు. కొడుకు గణేష్ చదివి వినిపిస్తుంటే కిష్టమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఆ పూట ముద్ద మింగలేదు.

సాయంత్రం దర్గా వాకిట్లో జనం కూడారు. పుట్టి నడిపిన మొయినుద్దీన్ అందరి ముందే ఆమెను నిలదీశాడు.

"గొంతు కోయనీకి వచ్చినోనికి కండువ కప్పినవ్ అక్కా. ఇంకేం మిగిలింది మనకు?"

కోర్టుకు పోదామని ఒకరు, ఇంకో అర్జీ ఇద్దామని గణేష్, గుట్ట మీదే ఎట్లాగో బతుకుదామని ఒక ముసలాయన. మాటలు కలవలేదు. అప్పుడు ఖుర్షీద్ బేగం లేచింది. మొయినుద్దీన్ భార్య ఆమె, కిష్టమ్మ మగ్గానికి ఏళ్లుగా పట్టు కండెలు చుడుతోంది.

"కప్పింది ఆమె, చప్పట్లు కొట్టింది మనమందరం. మన మర్యాదల తప్పు లేదు. దాన్ని పేపర్ల అమ్ముకున్నోనిది తప్పు. ఇంగ అడుగుడు బంద్ జేద్దం. వాగుకు దారి మనమే ఇద్దం."

పొద్దున్నే పారలతో కట్ట మీదికి కదిలారు. ముందు కిష్టమ్మ. పట్టుపోగు తప్ప బరువెరగని చేతులు కాసేపట్లోనే బొబ్బలెక్కాయి. సాయిబులు తవ్వుతుంటే నేతవాళ్లు ఎత్తిపోశారు, అలిసినప్పుడు చేతులు మారారు. కాంట్రాక్టరు మనుషులు కట్టెలతో దిగారు. మొయినుద్దీన్ తల పగిలి నెత్తురు కారింది. ఒక్కరూ పారిపోలేదు. మధ్యాహ్నానికి కట్ట తెగింది. ఆగిన నీళ్లు రొదపెట్టుకుంటూ కృష్ణ వైపు దూకాయి.

డంపు నుంచి బయటికి ఆ కట్టే దారి. లారీలన్నీ అవతలే చిక్కాయి, వాటితో పాటు ఎస్సై జీపు కూడా. పొద్దున్నుంచే అది డంపులోని కాంట్రాక్టరు షెడ్డు ముందర ఎందుకుందో ఊరందరికీ తెలుసు. ఎస్సై తన పోలీసులతో తొడల దాకా తడిసి ఇవతలికి వచ్చాడు. కొట్టినవాళ్లను వదిలేసి, తల పగిలిన మొయినుద్దీన్ మీద కేసన్నాడు. ఎవరు తవ్వించారని గద్దించాడు. నేనేనని కిష్టమ్మ ముందుకొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని జనం వైపు తిరిగాడు.

"గండి పూడ్చుర్రి. ఇప్పుడే ఇడుస్త ఈమెను."

గణేష్ వంగి పార అందుకున్నాడు. తల్లి జైలుకు పోతుంటే ఏ కొడుకు చూస్తూ నిలబడతాడు?

"గణేషా, పార గట్ల పట్టకు," అంది కిష్టమ్మ. "పూడ్చనీకి పట్టకు. జర ఎడల్పు జెయ్యి. నేను వచ్చేసరికి లారీ దాటేతట్టు ఉండొద్దు."

ఎస్సై చేతిలోంచి చెయ్యి లాక్కుని, బురద కాళ్లతోనే స్టేషన్ దారి పట్టింది. జీపు లేని పోలీసులు ఆమె వెనకే నడవాల్సి వచ్చింది. పోలీసుల వెనక ఖుర్షీద్ బేగం, ఆమె వెనక సగం ఊరు. ఎర్ర గుర్తుల గోడల మధ్య నుంచి పోతుంటే ఎస్సై రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కిష్టమ్మ తిరగలేదు. మిగిలిన సగం ఊరు గండిని వెడల్పు చేస్తూనే ఉంది.