గంధం ఆరేదాకా

గోదావరికి పెద్ద వరద వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. నేను ఒక స్పీకరుని. అన్నం పళ్ళెమంత ఉంటాను. నల్లటి కాగితం గిన్నె, దాని వెనక బరువైన అయస్కాంతం, రెండింటి మధ్య వెంట్రుకంత సన్నటి తీగ చుట్ట. నా ఒళ్ళు ఇంతే. సొంతంగా మాట్లాడటం నాకు రాదు. వెనకనుంచి ఎవరు కదిపితే వాళ్ళ గొంతే నా గొంతు. మనుషుల్లోనూ అలాంటివాళ్ళు ఉంటారని తరవాత తెలిసింది. కాకపోతే వాళ్ళ వెనకాల తీగలు కనబడవు.

మద్రాసులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఒకావిడ బంక రాసి నా కాగితాన్ని ఇనప చట్రానికి అతికించింది. అతికిస్తున్నంతసేపూ పక్కావిడతో తన కోడలిమీద చాడీలు చెప్పింది. నేను విన్న మొదటి మాటలు అవే. అక్కణ్ణుంచి రైలెక్కి రాజమండ్రి వచ్చి, మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్లో చేరాను. పెళ్ళిళ్ళకు వెళ్ళాను, పేరంటాలకు వెళ్ళాను, ఎన్నికలకు వెళ్ళాను. గెలిచినవాడి ఉపన్యాసం, ఓడినవాడి ఉపన్యాసం, రెండూ నాలోంచే వచ్చాయి. నాకు పెద్ద తేడా తెలియలేదు.

గోదావరి కొట్లోకి వచ్చిన రోజున నేను అటకమీద ఉన్నాను. అందుకని బతికాను. కింది అరలో ఉన్న నా తోటివాళ్ళు నానిన అప్పడాలైపోయారు. నీళ్ళు తీశాక కొట్టాయన మిగిలిన సామాను అమ్మకానికి పెట్టాడు. వచ్చినవాళ్ళంతా నన్నెత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, తడి వాసన ఉందేమోనని చూసేవారు. చెవులకు పనికొచ్చేదాన్ని ముక్కుతో పరీక్ష చేసేవాళ్ళను ఏమంటాం? గిటారు వాయించే బర్నబాసు ఒక్కడే వాసన చూడలేదు. నా కాగితం మీద వేలితో మెల్లగా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. విని, చంకన పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. చెక్క డబ్బా చేయించి, చిన్న యాంప్లిఫయరుతో సహా అందులో బిగించి, ముందు గుడ్డ కొట్టాడు. అప్పటినుంచి ఆయన గిటారుకు నోరు నేనే.

బర్నబాసు అచ్చియ్యమ్మగారి ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. ఆవిడ ఒకప్పుడు నాటకాల్లో పద్యాలు పాడిన మనిషి. నాటకాలు తగ్గిపోయాక నలుగురిని పోగేసి పెళ్ళిళ్ళలో పాటల మేళం నడిపేది. ఆ ఏడు దసరాకి వాయిద్యాలన్నింటికీ పూజ చేసింది. హార్మోనియానికి పెట్టింది, డోలకుకు పెట్టింది, సామాను మోసే వేనుకు కూడా గంధం, కుంకుమ పెట్టింది. నా దగ్గరకొచ్చేసరికి గిన్నెలో గంధం చాలా మిగిలింది. గుడ్డ విప్పించి, నా మధ్యలో చిన్న టోపీలా ఉండే బుడిపె మీద ఆ గంధమంతా మెత్తేసింది.

"అమ్మగారూ, నేను చర్చికెళ్ళేవాణ్ణండీ" అన్నాడు బర్నబాసు.

"నువ్వెళ్ళరా, ఎవరొద్దన్నారు? డబ్బా వెళ్తదా ఏంటి?" అంది ఆవిడ.

అందరూ నవ్వారు. బర్నబాసు గుడ్డ మళ్ళీ బిగించేశాడు. నా నెత్తిమీద గంధం ఉన్న సంగతి అందరూ మరిచిపోయారు.

కార్తీకంలో అచ్చియ్యమ్మగారు పెళ్ళిపాటలతో ఒక క్యాసెట్టు చేయించాలనుకుంది. ఆ రోజుల్లోనే కాకినాడలో ఒకతను కీబోర్డు కొన్నాడు. ఒక మీట నొక్కితే వీణ, ఇంకో మీట నొక్కితే గిటారు. ఆవిడ దాపరికం లేని మనిషి.

"ఒరే బర్నబాసూ, టేపులో నీ గిటారు గీరుకుపోయిందనుకో, కాకినాడ ఆయన్ని పిలిపిత్తాను. క్యాసెట్లోకి పనికిరానిది పెళ్ళిలోకీ పనికిరాదు. తరవాత నన్ను తిట్టుకోకు."

బర్నబాసు అక్క మొగుడు ఇశ్రాయేలు ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆయన ఎప్పట్నుంచో పనిలోకి రమ్మంటున్నాడు. చివరికి బావా బావమరుదులు ఒక మాట అనుకున్నారు. ఆదివారం రికార్డింగు. టేపు బాగా వస్తే సరే. రాకపోతే గిటారు అమ్మేసి సోమవారం ఐసు మొయ్యడానికి వెళ్ళాలి. ఆ మాట అయ్యాక బర్నబాసు నా డబ్బా మీద దుమ్ము దులిపి వాయించుకోవడం మొదలెట్టాడు.

రికార్డింగు గది హనీఫ్‌ది. గోడలకు గోనెపట్టాలు, వాటిమీద కొబ్బరిపీచు పరుపులు కట్టి ఉంటాయి. హనీఫ్ శుభ్రమైన మనిషి. తలుపు తియ్యడానికి కూడా చెయ్యి తుడుచుకునేవాడు. గిటారుకు ఏ స్పీకరు నప్పుతుందో ముందు తేల్చాలని మూడు డబ్బాలు వరసన పెట్టాడు. మొదటిది బొంబాయిది, నడుమ వెండిలా తళతళలాడుతోంది. రెండోది సినిమా హాల్లోంచి తెచ్చింది, నాకు తాతంత ఉంది. మూడోదాన్ని నేను.

అచ్చియ్యమ్మగారు కుర్చీ తిప్పుకుని గోడవైపు మొహం పెట్టి కూర్చుంది.

"అదేంటమ్మా, అటు కూర్చున్నారు?" అన్నాడు హనీఫ్.

"మొహాలు చూస్తే మోసపోతాను. నువ్వు తీగలు మార్చు, వాణ్ణి వాయించమను" అని తాంబూలం నోట్లో వేసుకుంది.

బర్నబాసు ఒకే ముక్కను ముగ్గురిలోనూ వాయించాడు. బొంబాయిదానికి ఆవిడ, "అబ్బా, పళ్ళు జివ్వుమన్నాయి. చెంచాతో గిన్నె గోకినట్టుంది" అంది. సినిమా హాలుదానికి, "ఇది పాటా, నూతిలో పడ్డ బిందా?" అంది. నా వంతు వచ్చింది. ఆవిడ నమలడం ఆపేసింది.

"ఇదీ. ఇది గొంతంటే. ఏది ఇది?" అని తిరిగి చూసి, "ఓరినీ, ఈ చింకి డబ్బానా!" అంది.

బర్నబాసు మొహం చూడాలి అప్పుడు. ఆ సంతోషం తరవాత వాయించిన ముక్కలోనూ తెలిసింది.

ఇక మైకు దగ్గరగా పెట్టాలని హనీఫ్ నా గుడ్డ విప్పాడు. ఎండి పగుళ్ళు తేలిన గంధం కనబడింది. బర్నబాసు అటు తిరిగి తీగలు బిగించుకుంటున్నాడు. హనీఫ్ ఇదేదో పాత మురికి అనుకుని తడిగుడ్డతో జాగ్రత్తగా తుడిచేశాడు. తుడిచి, మైకు తెచ్చి సరిగ్గా నా నడిమధ్యన పెట్టాడు. అచ్చియ్యమ్మగారు పాడింది, బర్నబాసు వాయించాడు, టేపు వేసుకుని విన్నారు.

నాకే సిగ్గేసింది. బొంబాయిదానికంటే ఘోరంగా కీచుమన్నాను.

"ఇందాకటి గొంతేదిరా?" అంది అచ్చియ్యమ్మగారు. "అప్పుడే జారిపోయిందా?"

బర్నబాసు తీగలు మార్చాడు. మీటలు తిప్పాడు. హనీఫ్ కరెంటును తిట్టాడు. మళ్ళీ విన్నారు, మళ్ళీ అదే కీచు. ఇద్దరూ నా వెనకాల దూరి తీగలు లాగి చూశారు. నా మొహం మాత్రం ఎవరూ చూడలేదు. ఊరందరి మాటలూ మోసినదాన్ని, ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. అచ్చియ్యమ్మగారు చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ, "ఏం చేత్తాం బాబూ, కాకినాడకి కబురెడతాను" అంది. బర్నబాసు గిటారు ఒళ్ళోంచి దించి గోడకు ఆనించాడు.

అలా వంగినప్పుడు కిటికీ ఊచకు ఆరేసిన గుడ్డ కనబడింది. పసుపు రంగు మరక. ఆయన దాన్ని వాసన చూశాడు. వచ్చి నా బుడిపె మీద వేలు పెట్టాడు. నున్నగా ఉంది.

"భాయ్, దీనిమీద గంధమేదీ?"

"తుడిచేశాను. మైకు దగ్గర దుమ్ముంటే ఎలా?"

"అదే భాయ్! అదే బరువుగా కూర్చుని దీని గొంతు పట్టి ఉంచింది!"

హనీఫ్ నమ్మలేదు. "గంధంతో గొంతు మారుతుందా? నువ్వూరుకో" అన్నాడు. బర్నబాసు వాదించలేదు. అచ్చియ్యమ్మగారి ముందు నిలబడి, "అమ్మగారూ, దీనికి ఇంకోసారి బొట్టెట్టండి" అన్నాడు.

ఆవిడకు నవ్వు ఆగలేదు. "చర్చికెళ్ళేవాడివి గదరా!"

"నేనెళ్తానండీ. డబ్బా వెళ్ళదు గదా."

గంధం ఎక్కడుంది? పూజ సామాను ఆవిడ ఇంట్లో ఉంది, ఇల్లు ఊరవతల. హనీఫే పక్కనున్న తన ఇంట్లోకి వెళ్ళి, దర్గా ఉరుసు ఉత్సవానికి తెచ్చుకున్న గంధపు చెక్కా సానరాయీ పట్టుకొచ్చాడు. ముగ్గురూ వంతులవారీగా అరగదీశారు. ఆవిడ మెత్తింది. ఆత్రం ఆగక బర్నబాసు వెంటనే వాయించాడు. దుప్పటి ముసుగులోంచి మూలిగినట్టు వచ్చింది.

"జలుబు చేసిందిరా దీనికి" అంది ఆవిడ.

ఆరాలి. హనీఫ్ ఫ్యాను పెడతానన్నాడు. పెళుసుగా ఆరి రాలిపోతుందేమోనని బర్నబాసు ఒప్పుకోలేదు. విసనకర్ర తెచ్చి మార్చి మార్చి విసిరారు. పెళ్ళికొడుకులకు కూడా అంత మర్యాద జరగడం నేను చూడలేదు. గంధం ఆరింది. దానికి తగులుతుందేమోనని భయపడి హనీఫ్ ఈసారి మైకును కాస్త పక్కకు, బొట్టు అంచుకు జరిపి పెట్టాడు. అది భయంతో చేసిన పని. కాని అదీ కలిసొచ్చింది. కీచంతా పోయింది, నిండుతనం మిగిలింది.

పాట అయ్యాక టేపు వేశారు. అచ్చియ్యమ్మగారు మళ్ళీ గోడవైపు తిరిగి కూర్చుంది. బర్నబాసు నేల చూస్తున్నాడు. పాట సగం దాటింది. ఆవిడ తాంబూలం దవడకు పెట్టేసింది.

"హనీఫూ" అంది చివరికి. "గిటారు ఇంకాస్త పెంచు. నా గొంతు పక్కనే ఉండాలది."

బర్నబాసు గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. మిగతా పాటలన్నీ ఆ సాయంత్రమే అయిపోయాయి.

ఆ తరవాత నా కాగితం ఒకసారి చిరిగింది, అతికించారు. డబ్బా మారింది. ఇప్పుడు హనీఫ్ గదిలో అరమీద ఉన్నాను. కుర్రకారు వచ్చి నన్ను చూసి ఇదేం మోడలని అడుగుతారు. వాళ్ళు కళ్ళతో వినేవాళ్ళు. నేనేమీ అనుకోను. నాకు గుర్తున్నది ఆ మర్నాటి పొద్దు.

సోమవారం పొద్దున్నే బర్నబాసు నన్నూ గిటారునూ రిక్షాలో ఎక్కించుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. పనికి రానని బావకు చెప్పాలి. ఆయన ముందు తనకు మాట పెగలదని నన్ను వెంట తెచ్చుకున్నాడు.

"పనికి రమ్మంటే డబ్బా తెచ్చావేంట్రా? ఇది అన్నం పెడతదా?" అన్నాడు ఇశ్రాయేలు.

బర్నబాసు గోడన ఉన్న ప్లగ్గులో నా డబ్బా తీగ పెట్టి, తిరగేసిన బుట్ట మీద కూర్చుని, క్యాసెట్లోకి ఎక్కిన ముక్క వాయించాడు. ఐసు గడ్డల మీద ఊక చల్లేవాళ్ళు చల్లడం ఆపేశారు. మోసేవాళ్ళు గడ్డలు కింద పెట్టి నిలబడ్డారు.

"ఒరే, కరిగిపోతన్నాయిరా! సరుకు కరిగిపోతంది!" అని ఇశ్రాయేలు అరిచాడు. ఎవరూ కదలలేదు. ఆయన కూడా కదలలేదు.

పాట అయిపోయింది. నేలంతా నీళ్ళు. ఇశ్రాయేలు ఆ నీళ్ళు చూశాడు, బావమరిదిని చూశాడు.

"ఎలాగూ కరిగాయి గదా" అన్నాడు. "ఇంకోటి కొట్టు."

బర్నబాసు తీగ ఒకటి సరిచేసుకుని, ఇంకోటి మొదలుపెట్టాడు.