పాడైన చెరువు కావలెను

చెరువు శుభ్రం చేసేశామని చెప్పగానే ఫోన్లో ఆఫీసరు గొంతు నీరుగారిపోయింది.

"ఎవరు చెయ్యమన్నారమ్మా?" అన్నాడు.

ఇవతల ఫోన్ పట్టుకున్నది ప్రెసిడెంటు. ప్రెసిడెంటంటే మరీ పెద్దమనిషిని ఊహించుకోకండి. నిన్నమొన్న చదువు ముగించిన పిల్ల, ఊరి యువజన పర్యావరణ సంఘానికి అధ్యక్షురాలు. ఆ పిలుపు మొదలుపెట్టింది ఆమెను పెంచిన మేనత్తే. చెరువు గట్టున టీ కొట్టు నడిపే ఆ మహాతల్లి వచ్చినవాళ్ళకు టీతోపాటు "మా ప్రెసిడెంటు గారు దేశాన్ని ఉద్ధరిస్తోంది" అని వెటకారం కూడా పోసి ఇచ్చేది.

పల్లెల్లో యువత పర్యావరణాన్ని కాపాడితే ప్రభుత్వం నిధులిస్తుందట. సంఘానికొక సమన్వయకర్తను పెట్టి జీతం కూడా ఇస్తుందట. దరఖాస్తు పెట్టి ఏడాదైనా ఫైలు ఏ బల్ల మీద గుర్రు పెడుతోందో తెలియలేదు. చెరువులో గుర్రపు డెక్క మాత్రం క్షణం కునుకు తియ్యలేదు. గేదెలు నీళ్ళెక్కడున్నాయో వెతుక్కునే స్థితికి వచ్చేసరికి సంఘం పిల్లలకు ఓపిక నశించింది. నడుంలోతు బురదలో దిగి, జలగలకు రక్తం ధారపోసి, డెక్కంతా లాగి పారేశారు.

"మంజూరుకు ముందు చేసిన పనికి పైసా రాదమ్మా. చెరువు పాడైపోయి ఉందని నేను కళ్ళారా చూసి రాయాలి. మీరిప్పుడు చెప్పింది నేను వినలేదనుకోండి. గురువారం వస్తాను, ఈలోగా ఏదో ఒకటి చూసుకోండి," అన్నాడు ఆఫీసరు. పాడు చెయ్యమని నోరు తెరిచి అనలేదు. ఎంతైనా ఆఫీసరు కదా.

ఈ జీతం రాకపోతే సోమవారం నుంచి నూలు మిల్లుకు పోవాల్సిందేనని, అక్కడ మాట కూడా ఇచ్చేశానని అత్త ఆ ఉదయమే తేల్చి చెప్పింది. మిల్లుకెళ్ళిన ఆడవాళ్ళు జుట్టులో దూది, గొంతులో దగ్గు వేసుకుని ఇంటికి రావడం ప్రెసిడెంటు రోజూ చూస్తూనే ఉంది. అందుకే సిగ్గు చంపుకుని ట్రాక్టరు మాట్లాడి పక్క ఊరికి బయలుదేరింది.

పక్క ఊరి చెరువులో డెక్కకు కొదవ లేదు. అక్కడి సంఘం కార్యదర్శిని అందరూ కళ్ళజోడు అంటారు. విషయం వినగానే అతని నోరు చెవులదాకా సాగింది.

"దీనికి అడగడం ఎందుకక్కా, ఒక్క మొక్క కూడా మిగల్చకుండా పట్టుకుపొండి," అన్నాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

తెచ్చిన డెక్కను పిల్లలు మొహాలు తిప్పుకుని తమ చెరువులోనే పారేశారు. ప్రెసిడెంటుకు ఏడుపొచ్చింది. తను కడిగిన మొహానికి తనే మసి పూసినట్టుంది.

గురువారం ఆఫీసరు వచ్చాడు. ఒక్కడే వస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వెంట పెద్ద ఆఫీసరు కూడా ఊడిపడ్డాడు. దారిలో పక్క ఊరి చెరువు తళతళలాడుతుంటే చూసి మురిసిపోయి వచ్చాడేమో, ఇక్కడి చెరువు చూడగానే మొహం చిట్లించాడు.

"అక్కడి కుర్రాళ్ళు పైసా అడక్కుండా చేసుకున్నారు. మీకేమొచ్చింది? నిధులు వాళ్ళకే రాయండి," అని జీపెక్కాడు. చిన్న ఆఫీసరు తలూపి రాసుకున్నాడు. ప్రెసిడెంటు నిజం చెప్పబోయింది గాని, ఏ నిజం చెప్పినా దొంగ తనే అవుతుందని ఆగిపోయింది.

అత్త టీ గ్లాసులు కడుగుతూ అంతా విన్నది. ఆశ్చర్యం, ఒక్క ఎత్తిపొడుపు మాటా అనలేదు. దాంతో ప్రెసిడెంటుకు మరింత భయమేసింది.

శనివారం కళ్ళజోడు ట్రాక్టరుతో సహా దిగాడు.

"ఆఫీసరు గారు ఫోన్ చేశారక్కా. ఆ నిధులు డెక్క తియ్యడానికేనట. తీస్తున్నట్టు ఫొటోలు పంపకపోతే వెనక్కి పోతాయట. మా చెరువులో డెక్క లేదు కదా. మాది మాకిచ్చేస్తే..."

"మళ్ళీ మీ చెరువులో వేస్తావా?"

"ఫొటో వరకేనక్కా."

"ఇంకో చెరువులో ఒక్క మొక్క వేశావంటే చేతులు విరగ్గొడతాను," అంది ప్రెసిడెంటు. ఆ కోపం కళ్ళజోడు మీద కంటే తన మీదే ఎక్కువ.

అప్పుడు అత్త చేతులు తుడుచుకుంటూ కొట్టు దిగి వచ్చింది.

"ఏం బాబూ, సమన్వయకర్త ఎవరు మీకు?"

"నేనే అనుకుంటున్నానండి."

"నీకు డెక్క పీకడం వచ్చా?"

కళ్ళజోడు జలగల సంగతి తలుచుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా పిల్లకు వచ్చు. ఉద్యోగం దాని పేరున రాసి, మీ సంఘం పేరు రాసిన అట్ట గట్టు మీద కట్టుకుని ఇక్కడే ఫొటోలు తీసుకోండి. చెరువు చెరువులాగే ఉంటుంది కదా, వాళ్ళకేం తెలుస్తుంది? లేదంటే ట్రాక్టరు తిప్పుకో. ఆ డెక్క మా ఊళ్ళో ఉంది గనక మాదే."

"అత్తా, మరి మిల్లులో మాట ఇచ్చావుగా," అంది ప్రెసిడెంటు మెల్లగా.

"నేనెవరికీ ఇవ్వలేదు. అక్కడ పదేళ్ళు దగ్గినదాన్ని, నిన్ను పంపిస్తానా? భయపెడితేనైనా ఆ ఆఫీసుల చుట్టూ గట్టిగా తిరుగుతావని అన్నాను."

ప్రెసిడెంటుకు తిట్టాలో వాటేసుకోవాలో తెలియలేదు. కళ్ళజోడు బేరమాడాలని చూశాడు గాని, పాతికేళ్ళుగా అరువు టీలు వసూలు చేస్తున్న మనిషితో బేరం ఎవరి తరం?

సోమవారం ప్రెసిడెంటు పక్క ఊరి ఉద్యోగిగా సొంత ఊరి చెరువులోకి దిగింది. గట్టు మీద కళ్ళజోడు ఫొటోలు తీస్తుంటే, అత్త చీర ఎగదోపి ఆమె వెనకే నీళ్ళలో దిగింది.