కొలువులో ఆఖరి రేవు

దసరా వస్తే శ్రీవిద్య ఇంట బొమ్మల కొలువు తప్పదు. షికాగో దగ్గరి నేపర్‌విల్‌లోని ఈ ఇంట్లో దిగిన నాటి నుంచీ పై మెట్ల మీది దేవుళ్ళు తల్లివి. అన్నిటికన్నా కింది మెట్టు కూతురు హంసికది. ఒక ఏడు అక్కడ అంతరిక్షం వెలిసింది, ఇంకొక ఏడు షికాగో రైలు తిరిగింది. ఈ ఏడు హైస్కూల్లో చేరిన హంసిక, చరిత్ర క్లాసులో చదివిన క్రూసేడర్ల రాజ్యాన్ని, అంటే జెరూసలేం కోసం యూరప్ నుంచి దండెత్తి వచ్చినవాళ్ళ రాజ్యాన్ని నిలబెట్టింది. అట్టలతో గోడలు, నీలం చీర ముక్కతో సముద్రం. కొండపల్లి అంబారీ ఏనుగు మీద రాజు, పెళ్ళిమేళం బొమ్మలే సైన్యం.

ఆ అట్టలను శ్రీవిద్య చూడగానే పోల్చుకుంది. సామాను సర్దడానికి తాను తెచ్చి బేస్‌మెంట్‌లో దాచిన పెట్టెలవి. భర్త రఘు ఉద్యోగం పోయింది. వీసా గడువులోగా మరొకటి దొరకలేదు. దీపావళికి ముందే ముగ్గురూ ఇండియా విమానం ఎక్కాలి. ఈ ఊళ్ళోనే పుట్టిన పిల్లకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, పండుగ దాటనీ, పేరంటం కానీ అనుకుంటూ ఆమె రోజులు నెట్టుకొచ్చింది. పెట్టెలు ఎందుకు కోశావని కూడా అందుకే అడగలేకపోయింది.

పేరంటానికి వచ్చినవాళ్ళలో ఎదురింటి రాధారాణి గొంతు ముందుగా లేచింది.

"రఘుగారి కారు కదల్లేదే, ఆఫీస్ లేదా?"

"ఇంటి నుంచే చేస్తున్నారండీ," అంది శ్రీవిద్య, శనగలు పెడుతూ.

"ఏంటే హంసీ, క్రూసేడర్లు అంబారీ ఎక్కారా?" అంది రాధారాణి, కింది మెట్టు వైపు వంగి.

"బడ్జెట్ లేదు ఆంటీ. గుర్రాలన్నీ అమ్మ పైన దేవుళ్ళకి ఇచ్చేసింది."

నవ్వులు తగ్గాక హంసిక కథ ఎత్తుకుంది. సముద్రం దాటి వచ్చినవాళ్ళు జెరూసలేంను కత్తితో పట్టుకున్నారనీ, వీధుల్లో నెత్తురు పారించారనీ దాచకుండా చెప్పింది. కోటలు కట్టారు, పిల్లల్ని కన్నారు, అక్కడి తిండికీ అక్కడి ఎండకీ అలవాటు పడ్డారు. ఈజిప్టు సుల్తాను సలాదిన్ జెరూసలేంను గెలుచుకున్నాక ఏకర్ అనే రేవు పట్టణాన్ని పట్టుకు వేలాడి, మరో వందేళ్ళు రాజ్యమనిపించుకున్నారు.

"ఎవ్రీ ఇయర్ బోట్స్‌లో కొత్తవాళ్ళు రావాలి ఆంటీ. రావడం తగ్గిపోయింది. దెన్, ఏకర్ కూడా పోయింది."

"అచ్చం మనలాగే! కాకపోతే మనం కత్తితో రాలేదు, వీసా స్టాంపింగ్‌తో వచ్చాం," అంది రాధారాణి.

అందరూ నవ్వారు. శ్రీవిద్య కాస్త ఆలస్యంగా నవ్వింది.

"మరి ఓడిపోయాక సొంతూరు వెళ్ళిపోయారా?" అని రాధారాణే అడిగింది.

"సొంతూరంటే? చాలామంది అక్కడే పుట్టారు ఆంటీ. తాతల ఊరు వాళ్ళు చూడను కూడా చూడలేదు." హంసిక రేవులో నిలబెట్టిన కుండ మోసే బొమ్మను సరిచేసింది. "బోట్స్ సరిపోలేదు. ఎక్కినవాళ్ళు సైప్రస్ ఐలాండ్‌కి వెళ్ళారు. మిగతావాళ్ళు... అంతే."

తాంబూలాలు అందుకుని అందరూ వెళ్ళాక శ్రీవిద్య హారతి ఇచ్చింది. ఇక ఒక బొమ్మను పడుకోబెట్టాలి. అది పడుకుంటే కొలువు ముగిసినట్టు. మర్నాడు బొమ్మలన్నీ పెట్టెల్లోకి వెళతాయి. చిన్ననాటి నుంచీ ఆ పని హంసికదే.

"బొమ్మని పడుకోబెట్టమ్మా."

"నో."

"అదేంటే?"

"పడుకోబెడితే ప్యాక్ చేస్తావు."

శ్రీవిద్య హారతి పళ్ళెంతోనే అట్టల గోడల వైపు తిరిగింది.

"బేస్‌మెంట్‌లో బాక్సెస్ చూసినప్పుడే తెలిసిందమ్మా. అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని భయమేసింది. అందుకే కోసేశా. బాక్సెస్ లేకపోతే..." ఆ మాట ఎంత పసితనమో తనకే తెలిసినట్టు పిల్ల ఆగిపోయింది.

శ్రీవిద్య పళ్ళెం పక్కన పెట్టి, కూతురి పక్కన నేల మీద కూలబడింది.

"దీపావళిలోపే తల్లీ. నాన్న చాలా ట్రై చేశారు."

"ఐ నో. ఫోన్లో అడుక్కోవడం విన్నాను."

తల్లి దగ్గరకు తీసుకోబోతే హంసిక భుజం తప్పించింది. కోటవైపు జరిగింది. ఆ తరవాత రేవులోంచి కుండ మోసే బొమ్మను తీసింది. చీర సముద్రం మీద కాగితం పడవ సిద్ధంగా ఉంది. దాన్ని పక్కకు జరిపి, బొమ్మను గోడల లోపల, వీధి మధ్యలో, వెల్లకిలా పడుకోబెట్టింది.

"ఇక్కడే," అంది.

అప్పుడు గానీ తల్లి ఒళ్ళో తల పెట్టలేదు.

తెల్లవారాక శ్రీవిద్య పై మెట్లన్నీ ఖాళీ చేసింది. దేవుళ్ళను పాత చీరల్లో చుట్టి వరసగా సోఫా మీద పేర్చింది. కింది మెట్టు జోలికి మాత్రం పోలేదు. కొత్త పెట్టెలు తేవడానికి కారు తాళాలు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది.